గిద్యోను తట్టిన పలక

మార్కాపురంలో పలక మంచిదో కాదో తేల్చడానికి ఆ రోజుల్లో రెండే దారులు. ఒకటి, కొని పిల్లల చేతికిచ్చి ఏడాది ఆగి చూడడం. రెండోది, గిద్యోను చేతికివ్వడం. రెండోదానికి అర నిమిషం చాలు. ఎడమ చేతి వేళ్ల కొసల మీద పలకను నిలబెట్టి, కుడి చేతి వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. "మోగింది" అంటే మంచి పలక. "మూగది" అన్నాడంటే లోపల ఎక్కడో పొర విడిచిందన్నమాట. పైకి అద్దంలా ఉన్నా సరే, కొనదలిచినవాళ్లు ఇక దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు.

ఊరికి ఉత్తరాన క్రైస్తవ పల్లెలో పుట్టాడు గిద్యోను. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివి, పదకొండో ఏట ఉలి పట్టాడు. 1941 నాటికి యాభై ఆరు నిండాయి. పలకరాయి దిమ్మను నిలువుగా పెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేస్తే ఉల్లిపొర లేచినట్టు రాయి పొరపొరగా విడివడాలి. చూసేవాళ్లకు అదేం పని అనిపిస్తుంది. చేసేవాళ్లను అడగాలి. గనిలోంచి తీసిన రాయికి పుట్టుకతో వచ్చిన తడి ఒకటి ఉంటుంది. ఆ తడి ఉన్నన్నాళ్లే అది మనిషి మాట వింటుంది. ఒక్కసారి ఎండిపోయిందా, తర్వాత చెరువు తెచ్చి పోసినా పైపైన నెమ్ముతుందే తప్ప లోపలి పొరల పట్టు మళ్లీ రాదు. అందుకే తీసిన దిమ్మల మీద గోనెలు కప్పి, చీల్చేదాకా పొద్దుటా సాయంత్రం నీళ్లు కొడుతూ ఉండాలి. ఆ పనిలో ఓనమాలు అవే.

అతని ఉలికి అంచున ఒక చిన్న నొక్కు ఉండేది. అందుకే అతను చీల్చిన ప్రతి పలక మూలనా వెంట్రుకలంత సన్నని రెండు గీతలు పడేవి. "కొత్త ఉలి కొనుక్కోరాదూ" అని ఎవరన్నా అంటే, "ఇది నా చేవ్రాలులే" అని నవ్వేవాడు.

ఎండాకాలమంతా రంగనాయకులు గనిలో మేస్త్రి పని. వానాకాలం శ్రీరాములు శెట్టి పలకల కార్ఖానాలో మంచీ చెడ్డా ఏరే పని. రంగనాయకులు ఆ గనికి కౌలుదారు. కోపం ముక్కు మీద, మాట నాలుక చివర ఉండే మనిషి. శెట్టి దగ్గర మాట తక్కువ, అనుమానం ఎక్కువ. బండి దిగిన పలకల్లో పదింటికి ఒకటి తన వేలి ఉంగరంతో తట్టి చూసుకోందే లోపలికి రానిచ్చేవాడు కాదు. గిద్యోను తట్టి పక్కన పెట్టినవాటిని కూడా మళ్లీ తట్టేవాడు. గిద్యోను పైకి ఏమీ అనేవాడు కాదు గాని, ఆ ఉంగరం చప్పుడు విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. నలభై ఏళ్లు తట్టిన చెయ్యి మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని లోలోపల గొణుక్కునేవాడు.

ఆ ఏడు రంగనాయకులు శెట్టికి ఇరవై బండ్ల పలకలు ఇచ్చేటట్టు ఒప్పందం రాసుకున్నారు. మొదటి పద్నాలుగు బండ్లకు వంక లేదు. చివరి ఆరు బండ్లు కూడా ఉంగరం పరీక్షకు నిలిచాయి. చెక్క చట్రాలు బిగించారు, ఊరూరి బడులకు పంపారు. జూన్‌లో బళ్లు తెరిచారో లేదో, గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా గగ్గోలు మొదలైంది. ఒక పంతులుగారు తడిగుడ్డతో పలక తుడిస్తే అక్షరాలతోపాటు పలక కూడా గుడ్డకు అంటుకొచ్చిందట. అమ్మిన పలకలు తిరిగొచ్చి కార్ఖానా పంచన గుట్టపడ్డాయి. అమ్మనివి లోపలే పొరలు లేచాయి.

"ఒట్టిపోయిన పొర తవ్వి నా నెత్తిన రుద్దినాడు" అన్నాడు శెట్టి. "చట్రాలకు మేకులు బిగించడం చేతగాక నా రాయిని చంపినాడు" అన్నాడు రంగనాయకులు. ఒప్పందంలో ఏడో షరతు ఒకటుంది. తగాదా వస్తే ఇద్దరూ ఒప్పుకున్న ఒక మధ్యవర్తి తీర్పు చెప్పాలి. రాసేటప్పుడు ఇద్దరూ మంచి షరతే అనుకున్నారు. ఒప్పుకోవడం అనేది తమ ఇద్దరికీ పుట్టుకతో లేని గుణమని అప్పుడు గుర్తు రాలేదు.

శెట్టి కరణాన్ని పెడదామంటే, కరణం శెట్టికి స్నేహితుడన్నాడు రంగనాయకులు. రంగనాయకులు పాత తాసీల్దారు పేరు చెబితే, ఆయన రంగనాయకులు ఇంట పెళ్లికి వచ్చి భోంచేశాడన్నాడు శెట్టి. కంభం వర్తకుడు వద్దు, కొమరోలు వైద్యుడు వద్దు. పదమూడు పేర్లు అయ్యాయి. మళ్లీ రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు కరణం దగ్గరికే వచ్చారు. నోటీసులిచ్చుకున్నారు, పదిహేను రోజుల గడువు దాటింది, కోర్టే ఒక మధ్యవర్తిని నియమించాలని శెట్టి వకీలు అర్జీ పెట్టాడు.

అప్పటి మున్సిఫ్ తంజావూరు వైపు మనిషి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబట్టి ఆ కోర్టులో తెలుగు తప్పుల్లేకుండా మాట్లాడేది ఆయన ఒక్కడే. పదమూడు పేర్లూ, వాటి మీద పదమూడు అభ్యంతరాలూ ఓపిగ్గా విన్నాడు. తర్వాత రెండు పక్షాలూ ఇచ్చిన సాక్షుల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని వేలితో వెతికాడు.

"ఈ గిద్యోను అనువాడు ఎవరు?"

వకీళ్లిద్దరూ ఒక్కసారే లేచి, "మా సాక్షి" అన్నారు. అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇద్దరూ నమ్మిన మనిషి ఒకడున్నాడన్నమాట. ఇక వెతకడం ఎందుకు?" అన్నాడు మున్సిఫ్.

కాదంటే తమ సాక్షిని తామే కాదన్నట్టవుతుంది. రంగనాయకులు మీసం సవరించుకున్నాడు. శెట్టి ఉంగరం తిప్పుకున్నాడు. ఇద్దరూ తలలూపారు.

పిలిపిస్తే గిద్యోను చెయ్యి కడుక్కుని, రాతి దుమ్ము తలగుడ్డతోనే వచ్చాడు. సంగతి విని చేతులు కట్టుకున్నాడు. "దొరా, నేను ఈయన గనిలోనూ పని చేసినా, ఆయన కార్ఖానాలోనూ పని చేసినా. నేనేం తీర్పు చెప్తా?"

"అది ఇద్దరికీ తెలిసినదే. ఆ రాయి గురించి నీకు తెలిసినంత నాకు తెలియదు, అందుకే నిన్ను పిలిచాను. ఈ తగాదాలో నీకంటూ ఏదైనా ఉన్నదా?"

"ఏమీ లేదు దొరా."

ఆ మాట నిండు మనసుతోనే అన్నాడు. నాలుగు నెలల్లో తీర్పు రాసి దాఖలు చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది.

పల్లెలో ఆ సాయంత్రం సందడే సందడి. నిన్నటిదాకా "ఒరే గిద్యోనూ" అని కేకేసినవాళ్లు ఎట్లా పిలవాలో తెలియక దగ్గి ఊరుకుంటున్నారు. అతని భార్య పిచ్చమ్మ ఒక్కతే మొహం ముడుచుకుంది. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరిట్లో ఎవురిమీద చెప్పినా ఆ ఇంటి పని పోతది. నీకెందుకయ్యా ఈ తిప్పలు?" అంది.

"నేనడిగినానా? దొర పిలిచినాడు" అన్నాడు గాని, ఆ పూట జొన్నసంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. సంతోషంగా ఉంది మరి. లేదంటే అబద్ధం.

మొదటి రోజు కార్ఖానా పంచలో కూర్చున్నారు. కూర్చోవడంలోనే చిక్కు వచ్చింది. కక్షిదారులు కుర్చీల్లో ఉండి తీర్పరి నేల మీద ఉంటే కోర్టువాళ్లకు తెలిస్తే ఏం బాగుంటుంది? పల్లె మనిషికి కుర్చీ వేస్తే ఊరివాళ్లకు తెలిస్తే ఏం బాగుంటుంది? శెట్టి గుమాస్తాను ఒక ముక్కాలిపీట తెమ్మన్నాడు, మళ్లీ వద్దన్నాడు. "యాడ కూర్చుంటావు గిద్యోనూ?" అన్నాడు రంగనాయకులు, 'రా' మింగేసి. గిద్యోను వాళ్ల కష్టం చూసి, పలకల గుట్ట మీద కూర్చున్నాడు. అది అతను రోజూ కూర్చునే చోటే.

ఒక పలక తీసి తట్టాడు. మోగింది. రెండోది మూగది. మూడోది మూగది. అంచు మీద ఒక నీటిబొట్టు వేశాడు. మంచి పలక అంచున బొట్టు నిలబడుతుంది. ఇది చూస్తుండగానే తాగేసింది. శెట్టి మేకుల తప్పు కాదు, రంగనాయకులు గని తప్పూ కాదు. పొర బంగారంలాంటిది. రాయిని ఎండనిచ్చి, తర్వాత తడిపి చీల్చారు. ఓనమాలు రానివాడెవడో చేసిన పని. ఎవడా దద్దమ్మ అని కోపమొచ్చి, పలకను వెలుతురుకు తిప్పాడు.

మూలన వెంట్రుకలంత సన్నని రెండు గీతలు ఉన్నాయి.

ఇంకోటి తీశాడు. దాని మీదా ఉన్నాయి. తనకు తెలియకుండానే బొటనవేలు ఆ మూల మీదికి జరిగి గీతల్ని కప్పింది.

"ఏంది, ఏమంటావు?" అన్నాడు రంగనాయకులు.

"నాకు వారం కావాలయ్యా" అన్నాడు గిద్యోను. ఆ పలకను బోర్లించి గుట్టలో పెట్టాడు.

ఇంటికి నడుస్తుంటే అంతా గుర్తొచ్చింది. అంతకుముందు క్రిస్మసుకే అతన్ని సంఘపెద్దను చేశారు. సువార్తికుడు సంజీవరావు అయ్యగారు శ్రమల వారంలో విశ్రాంతి దినం గురించి గట్టిగా బోధించాడు. శుభ శుక్రవారం మొదలు పునరుత్థాన ఆదివారం దాకా సంఘంలో ఎవరూ పని ముట్టకూడదన్నాడు. అదివరకు గిద్యోను ఆదివారమైనా సరే, ప్రార్థన అయ్యాక గనికి పోయి దిమ్మల మీద నాలుగు కడవలు కుమ్మరించి వచ్చేవాడు. ఈసారి పెద్ద కదా, పెద్దే తప్పితే ఎట్లా అనుకున్నాడు. శనివారం దారిలో గని కాపలా యల్లయ్య ఎదురై, "రాళ్లు ఎండుతున్నాయి మామా, నన్ను నీళ్లు కొట్టమంటావా?" అని అడిగాడు కూడా. "వద్దురా అల్లుడూ. మా పని నీతో చేయించినా మేము చేసినట్టే. వాక్యంలో ఉంది" అన్నాడు గిద్యోను. అన్నప్పుడు ఎంత గర్వపడ్డాడో ఇప్పుడు అంత సిగ్గుపడ్డాడు. మార్కాపురం ఏప్రిల్ ఎండ మూడు రోజులు. సోమవారం తెల్లారి నిండా నీళ్లు కొట్టించి, మధ్యాహ్నానికే కూలీలతోపాటు తానూ ఉలి పట్టాడు. రాయి బాగానే చీలింది. పైతడి ఇంకా ఆరలేదు కాబట్టి తట్టి చూస్తే మోగింది కూడా. పోనీలే, దేవుడే కాపాడాడు అనుకుని మరిచిపోయాడు. కంచే చేను మేసిందని తెలియడానికి ఇన్ని నెలలు పట్టింది.

పిచ్చమ్మకు చెప్పాడు. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ విన్నది. చేట కింద పెట్టింది.

"ఇంకెవురికి తెల్సు?"

"ఎవురికీ తెల్వదు. ఆ గీతలు వాళ్ల కంటికి ఆనవు."

"ఐతే ఇంకేంది? ఇద్దరికీ సగం సగం అని రాసెయ్యి. తిలాపాపం తలా పిడికెడు. ఇద్దరూ దండం పెట్టి పోతారు. ఈ ఊళ్లో ఏ తగాదా తీరినా అట్లనే గదా తీరేది."

"తప్పు చేయనోళ్ల మీద సగం సగం వేయమంటావా?"

"మనకు ఉండేదేంది, చెప్పు. పొలమా, గొడ్లా? గిద్యోను తట్టినాడంటే పలక మంచిదని ఒక్క మాట. ఆ మాట మీద నలభై ఏండ్లుగా కూడు తింటుండాం. దాన్ని నువ్వే పోయి కోర్టులో పగలగొట్టుకొస్తానంటావా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు రోజులు సగం సగం అని మనసులో రాసుకున్నాడు, కొట్టేసుకున్నాడు. మూగ పలకను మోగిందని చెప్పడం అతనికి ఎన్నడూ చేతకాలేదు. ఇప్పుడు తానే ఆ పలక అయితే మాత్రం ఎట్లా చేతనవుతుంది? ఐదో రోజు పొద్దున లేచి చూస్తే, ఉతికిన చొక్కా మడతపెట్టి గూట్లో ఉంది. పిచ్చమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది.

కోర్టులో ఆ వేళ వాయిదా లేదు. మున్సిఫ్ ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. "తీర్పు తెచ్చావా?" అన్నాడు.

"లేదు దొరా. నేను మధ్యవర్తిగా పనికిరాను. ఆపొద్దు నాకేమీ లేదని చెప్పినా. ఉంది. ఆ రాయిని ఎండబెట్టింది నేనే." చెప్పాల్సినదంతా చెప్పాడు. శుభ శుక్రవారం, యల్లయ్య అడగడం, తాను వద్దనడం, రెండు గీతలు. ఏదీ దాచుకోలేదు.

మున్సిఫ్ అదంతా రాయించి, వేలిముద్రకు సిరా తెమ్మన్నాడు. "సంతకం వచ్చు దొరా" అన్నాడు గిద్యోను. వంకర అక్షరాలతో చేశాడు.

ఆ వాంగ్మూలం రెండు పక్షాలకూ పంపి, వారం లోపల కొత్త పేర్లు ఇమ్మని కోర్టు ఆదేశించింది. సంగతి మార్కాపురం అంతా పొక్కింది. ఆ వారం గిద్యోను దగ్గరికి ఒక్క పలక కూడా రాలేదు. అరుగు మీద కూర్చుని ఉలి నూరుకుంటూ దారి చూశాడు. బండ్లు పోతున్నాయి, ఆగడం లేదు. పిచ్చమ్మ అన్నంత పనీ అయిందనుకున్నాడు. ఆమె మాత్రం నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ అనకపోవడమే అతనికి ఇంకా కష్టంగా ఉంది.

వాయిదా రోజు మళ్లీ పదమూడు పేర్లు వస్తాయని మున్సిఫ్ పెద్ద కాగితం ముందు పెట్టుకున్నాడు. వకీళ్లిద్దరూ లేచి ఒకే కాగితం ఇచ్చారు. దాని కింద రంగనాయకులు సంతకమూ శెట్టి సంతకమూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఒప్పందం రాసుకున్న తర్వాత ఆ ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. జరిగినదంతా తెలిసే, తమకు ఏ అభ్యంతరమూ లేదనీ, గిద్యోనునే కొనసాగించాలనీ అందులో ఉంది.

మున్సిఫ్ నమ్మలేక రంగనాయకులునే అడిగాడు. "అతను నీ గని మేస్త్రి. నీ గనిలో తప్పు జరిగిందని చెప్పినవాడు. అయినా అతనే కావాలా?"

"వాడే కావాల దొరా. కోపం రాలేదా అంటే వచ్చింది. రెండు రోజులు కూడు తినలేదు. ఐనా తన మీద తానే చెప్పుకున్నోడు నా మీద అబద్ధం చెప్పడు గదా. అట్లాంటోణ్ణి ఇంకోణ్ణి యాడ తెచ్చేది?"

శెట్టి ఉంగరం తిప్పుకుంటూ, "నా మాటా అదే" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ మాట్లాడడు.

కోర్టు గుమ్మం బయట నేల మీద కూర్చుని ఇదంతా విన్న గిద్యోను, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా కళ్లు తడి ఆరలేదు.

తీర్పు గని దగ్గరే చెప్పాడు. అతను దిమ్మల గుట్ట మీద కూర్చుంటే, ఈసారి వాళ్లిద్దరూ కుర్చీల మాటెత్తకుండా చెరో దిమ్మ మీద కూర్చున్నారు. తీర్పులో మూడు మాటలున్నాయి. కార్ఖానావాళ్ల తప్పు లేదు. మంచి పలకలు ఇస్తానన్నది రంగనాయకులు కాబట్టి, కూలివాడి తప్పైనా సరే, ఆ ఆరు బండ్లూ మళ్లీ ఆయనే ఇవ్వాలి. ఆ ఆరు బండ్ల రాయీ గిద్యోను కూలి తీసుకోకుండా చీల్చాలి.

దాఖలు చేస్తే మున్సిఫ్ మొదటి రెండు మాటలూ ఖాయం చేసి, మూడోదాన్ని కొట్టేశాడు. గిద్యోను ఈ తగాదాలో కక్షిదారుడు కాడనీ, మధ్యవర్తి తన మీద తాను తీర్పు రాసుకునే అధికారం ఏ చట్టంలోనూ లేదనీ పక్కన రాశాడు. వకీలు గుమాస్తా ఆ ముక్క చదివి వినిపించాడు. గిద్యోను శ్రద్ధగా విని, బుర్ర ఊపి, మర్నాడు ఉలి తీసుకుని గనికి పోయాడు. రంగనాయకులు కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఆదివారాలు ప్రార్థన ముగియగానే నాలుగు కడవలు దిమ్మల మీద కుమ్మరించేవాడు. సంజీవరావు అయ్యగారు ఏమంటాడో అని పల్లె అంతా ఎదురు చూసింది. ఆయన ఆ నెలలోనే ఒక ఆదివారం, విశ్రాంతి దినాన గుంటలో పడిన ఎద్దును పైకి లాగవచ్చునన్న వాక్యం తీసి బోధించాడు. ఆ వాక్యం అంతకుముందు కూడా బైబిల్లోనే ఉంది. ఆయన కంటికి ఇప్పుడే ఆనింది, అంతే.

పని మూడు నెలలు సాగింది. ఆఖరి బండి కార్ఖానా ముందు దిగిన రోజు శెట్టి ఎప్పటిలాగే బయటికి వచ్చి నిలబడ్డాడు. గిద్యోను పలకలు ఎత్తి పంచన పేర్చి, పక్కకు తప్పుకుని నిలుచున్నాడు, ఉంగరం చప్పుడు కోసం.

శెట్టి గుమాస్తాను పిలిచి, "లోపల పెట్టించు" అన్నాడు.

గిద్యోనుకు అర్థం కాలేదు. "తట్టి చూసుకో శెట్టీ" అన్నాడు.

"నువ్వు తట్టినావుగా" అని శెట్టి లోపలికి వెళ్లిపోయాడు.